ఐసీయూలో షుగర్: బయట కూర్చున్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

నేను ఐసీయూలో స్టాఫ్ నర్సుని. ఉదయం పదకొండింటికీ సాయంత్రం అయిదింటికీ విజిటింగ్ టైమ్‌లో తలుపు తియ్యగానే వినపడే మొదటి మాట "ఎలా ఉన్నారు సిస్టర్?" రెండోది చాలాసార్లు "షుగర్ ఎంతుంది?" అనే. నిలబడి, మాస్కు వెనక నుంచి, రెండు నిమిషాల్లో చెప్పే జవాబు ఆ టెన్షన్‌లో ఎవరికీ గుర్తుండదు. మర్నాడు ఇంకో బంధువు వచ్చి అదే అడుగుతారు. అందుకే బయట కుర్చీలో కూర్చుని నిదానంగా చదువుకునేలా ఇది రాసిపెట్టాను.

ఇందులో ఉన్నది పెద్దవాళ్ళ గురించి. చిన్నపిల్లల లెక్క, గర్భిణుల లెక్క వేరు. అంకెలన్నీ డెసిలీటరు రక్తంలో మిల్లీగ్రాములు, అంటే మన గ్లూకోమీటర్ చూపించేవే. మీ మనిషికి ఏం చెయ్యాలన్నది వాళ్ళను చూస్తున్న డాక్టరే చెప్పాలి. ఆ డాక్టరును ఏం అడగాలో తెలియడానికి ఇది పనికొస్తుంది.

## చేర్చిన రోజు

మా నాన్నకు ఎప్పుడూ షుగర్ లేదు. ఐసీయూలో చేరగానే 260 ఎలా వచ్చింది?

ఒంటికి పెద్ద కష్టం వచ్చినప్పుడు, అది గుండెపోటు కావచ్చు, రక్తంలో పాకిన ఇన్‌ఫెక్షన్ కావచ్చు, పెద్ద యాక్సిడెంట్ కావచ్చు, అడ్రినలిన్, కార్టిసాల్, గ్లూకగాన్ అనే హార్మోన్లు ఒక్కసారిగా పెరుగుతాయి. అవి కాలేయం చేత గ్లూకోజు వదిలిస్తాయి. కాలేయం ముందు తన నిల్వ కరిగిస్తుంది, తర్వాత కండరాల నుంచి వచ్చే ముడిసరుకుతో కొత్త గ్లూకోజు తయారు చేస్తుంది. అదే సమయంలో కండరాల మీద ఇన్సులిన్ సరిగా పనిచెయ్యదు. రెండు రోజులుగా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని మనిషికి షుగర్ 260 చూపించేది ఇందుకే. దీన్ని స్ట్రెస్ హైపర్‌గ్లైసీమియా అంటారు. మీరు పెట్టిన తిండి వల్ల వచ్చింది కాదు. నిన్న పాయసం పెట్టామే అని కుమిలిపోకండి.

అయితే ఆయనకు షుగర్ జబ్బు ఉన్నట్టా, లేనట్టా?

హెచ్‌బీఏ1సీ పరీక్ష చెబుతుంది. అది గత రెండు మూడు నెలల సగటు. 6.5 శాతం, అంతకు మించి ఉంటే జబ్బు ముందు నుంచీ ఉంది, మనకే తెలియదు. 5.7 కంటే తక్కువైతే ఇప్పటి పెరుగుదల ఐసీయూకు తెచ్చిన జబ్బు ఒత్తిడి వల్ల వచ్చిందని అనుకోవచ్చు. మధ్యలో ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకు ముందు దశ. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. తమకు ఉందని ఐసీయూ మంచం మీదే తెలుసుకునేవాళ్ళను మేం తరచుగా చూస్తాం.

ఒక జాగ్రత్త. రక్తం ఎక్కించాక, బాగా రక్తహీనత ఉన్నప్పుడు, కిడ్నీలు పాడైనప్పుడు ఈ పరీక్షను పూర్తిగా నమ్మలేం. అందుకని చేరిన తొలి రక్తంతోనే పంపారా అని అడగండి. అడగడంలో తప్పు లేదు.

ఇంట్లో వాడే షుగర్ మాత్రలు తెచ్చాం. ఎందుకు వెయ్యడం లేదు?

ఒంట్లో గంటగంటకూ పరిస్థితి మారుతుంటే మాత్ర అందుకు తగ్గట్టు మారలేదు. మింగాక వెనక్కి తియ్యలేం. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకు బీపీ పడిపోయి కిడ్నీలు మందగిస్తే రక్తంలో ల్యాక్టిక్ ఆసిడ్ పేరుకునే ప్రమాదం ఉంది. గ్లిమిపిరైడ్ లాంటివి కిడ్నీ సరిగా లేనప్పుడు ఒంట్లో నిలిచిపోయి, తిండి లేని మనిషికి గంటల తరబడి షుగర్‌ను కిందికి లాగుతూనే ఉంటాయి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకాలకు ఇంకో ఇబ్బంది ఉంది. షుగర్ అంకె పెద్దగా పెరగకుండానే కీటోన్లు, అంటే ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు, చేరి రక్తం ఆమ్లంగా మారవచ్చు. ఈ మాత్రలు వాడుతున్నట్టు మీరు చెప్పకపోతే మాకు ఆ అనుమానమే రాకపోవచ్చు. మందుల సంచీ ఇంటికి పంపెయ్యకుండా ఒకసారి మాకు చూపించండి.

చేర్చేటప్పుడు షుగర్ గురించి ఏమేం చెప్పాలి?

ఆఖరి మాత్ర లేదా ఇన్సులిన్ ఎప్పుడు, ఎన్ని యూనిట్లు. పేరు తెలియకపోతే సీసాకో పెన్నుకో ఫోటో తీసి పంపమని ఇంట్లో ఉన్నవాళ్ళకు ఫోన్ చెయ్యండి. ఎన్ని రోజులుగా సరిగా తినలేదు, మందు తాగే అలవాటు ఉందా, ఇంతకు ముందు ఎప్పుడైనా షుగర్ పడిపోయి స్పృహ తప్పారా, కాలికి పుండు ఉందా.

ఎక్కువమంది దాచేది ఇంకొకటి ఉంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకున్నారా, మోకాళ్ళ నొప్పులకో ఆయాసానికో ఏదైనా పొడి వాడుతున్నారా. వాటిలో స్టెరాయిడ్ ఉండొచ్చు. ఎవరినీ తప్పుపట్టడానికి అడగడం లేదు. ఆ ఒక్క సంగతి తెలిస్తే వైద్యం మారుతుంది.

## ఇన్సులిన్ పంపు నడుస్తున్న రోజుల్లో

షుగర్ 170 ఉందన్నారు. నార్మల్‌కు తేకుండా అలా వదిలేశారేంటి?

ఈ ప్రశ్నకు కాస్త ఓపిగ్గా జవాబు చెప్పాలి, ఎందుకంటే ఒకప్పుడు వైద్య ప్రపంచం కూడా సరిగ్గా ఇలాగే అనుకుంది.

2001లో బెల్జియంలోని ల్యూవెన్‌లో గ్రేట్ వాన్ డెన్ బెర్ఘే బృందం 1,548 మంది సర్జికల్ ఐసీయూ రోగులతో ఒక పరిశోధన చేసింది. వాళ్ళలో ఎక్కువమంది గుండె ఆపరేషన్ అయినవాళ్ళు. ఒక జట్టుకు షుగర్ 80–110 మధ్య బిగించి ఉంచారు, ఇంకో జట్టుకు 215 దాటితేనే ఇన్సులిన్ ఇచ్చారు. బిగించిన జట్టులో ఐసీయూ మరణాలు 8 శాతం నుంచి 4.6 శాతానికి తగ్గాయి. అది చూసి ఎన్నో దేశాల్లో ఐసీయూలు ఆ దారి పట్టాయి.

తర్వాత 2009లో నైస్ షుగర్ అనే పెద్ద పరిశోధన ఫలితం వచ్చింది. 6,104 మంది రోగులు, ప్రధానంగా ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా ఆసుపత్రులు. ఈసారి కథ తిరగబడింది. షుగర్‌ను 81–108 మధ్య బిగించిన జట్టులో 90 రోజుల్లో 27.5 శాతం మంది చనిపోయారు. 180 దాటకుండా చూసుకున్న జట్టులో 24.9 శాతం. షుగర్ 40కో ఇంకా కిందికో పడిపోవడం మొదటి జట్టులో 6.8 శాతం మందికి జరిగితే, రెండో జట్టులో 0.5 శాతం మందికే జరిగింది.

అందుకే ఇప్పుడు ఎక్కువమంది ఐసీయూ రోగులకు పద్ధతి ఇది: 180 దాటి అక్కడే నిలిస్తే ఇన్సులిన్ మొదలుపెట్టడం, 140–180 మధ్య నిలపడం. గుండె ఆపరేషన్ అయినవాళ్ళలో కొందరికి ఇంకాస్త తక్కువ లక్ష్యం పెట్టుకుంటారు, అదీ పడిపోకుండా చూడగలిగితేనే. 2023లో మళ్ళీ ల్యూవెన్ బృందమే 9,230 మందితో, కంప్యూటర్ లెక్క సాయంతో షుగర్‌ను బిగించి చూసింది. ఐసీయూలో ఉండాల్సిన రోజులు తగ్గలేదు.

కాబట్టి మీ అమ్మగారి షుగర్ 170 అని చెప్పినప్పుడు దాన్ని నిర్లక్ష్యం అనుకోకండి. ఆ అంకె దగ్గర నిలపడానికి లోపల ఒక మనిషి రాత్రంతా మేలుకుని ఉంటుంది.

మరి 300 ఉన్నా ఫర్వాలేదా?

ఫర్వా ఉంది. షుగర్ బాగా ఎక్కువైతే ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు సరిగా పనిచెయ్యవు, కుట్లు మానడం ఆలస్యమవుతుంది. సుమారు 180 దాటాక గ్లూకోజు మూత్రంలోకి పోతుంది, వెంట నీళ్ళనూ ఉప్పులనూ లాక్కుపోతుంది. బీపీ నిలవని మనిషికి అది గోరుచుట్టుపై రోకటిపోటు. అంకె పైకీ కిందికీ ఊగుతూ ఉండటం కూడా మంచిది కాదు. పొద్దున 310, మధ్యాహ్నం 90, రాత్రి 280 ఉన్న రోగి కంటే రోజంతా 165–185 మధ్య ఉన్న రోగి గురించి మాకు దిగులు తక్కువ.

ఇంట్లో రోజుకు రెండు సూదులతో సరిపోయేది. ఇక్కడ పంపు ఎందుకు?

బీపీ పడిపోయినప్పుడు, ఒళ్ళంతా నీరు పట్టినప్పుడు చర్మం కింద వేసిన ఇన్సులిన్ ఎప్పుడు రక్తంలోకి చేరుతుందో చెప్పలేం. గంటసేపు కదలక, తర్వాత ఒక్కసారిగా చేరవచ్చు. నరంలోకి ఇచ్చే ఇన్సులిన్ నిమిషాల్లో పనిచేస్తుంది, ఆపితే త్వరగానే ప్రభావం తగ్గుతుంది. అందుకే సాధారణంగా 50 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్‌ను 50 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి సిరంజి పంపులో పెడతాం. ఒక మిల్లీలీటరు ఒక యూనిట్, లెక్క తేలిక. కొత్త ట్యూబు పెట్టినప్పుడు కలిపిన మందులో కొంత బయటికి వదిలేయడం చూసి ఒకాయన "వృథా చేస్తున్నారు" అని బాధపడ్డారు. ఇన్సులిన్ ప్లాస్టిక్ గోడలకు అంటుకుంటుంది. ముందు ట్యూబును దానితో తడపకపోతే తొలి గంటల్లో రోగికి మేమనుకున్న మోతాదు అందదు.

గంటగంటకూ వేలికి గుచ్చుతున్నారు. తప్పదా?

నరంలో ఇన్సులిన్ నడుస్తున్నంతసేపు తప్పదు. మోతాదు మార్చినప్పుడల్లా గంటకోసారి, రీడింగులు నిలకడగా వస్తుంటే రెండు గంటలకోసారి చూస్తాం. మణికట్టు దగ్గర ధమనిలో లైను ఉంటే అక్కడి నుంచే రక్తం తీస్తాం, వేలికి గుచ్చే పని ఉండదు. వేలికైతే కొసన కాకుండా పక్కన గుచ్చడం పద్ధతి, అక్కడ నొప్పి తక్కువ. వేళ్ళ కొసలు నల్లబడుతుంటే మాత్రం అది గుచ్చినందువల్ల కాకపోవచ్చు. షాక్‌లో, అంటే బీపీ బాగా పడిపోయి ఒంటికి రక్తం చాలనప్పుడు, బీపీ పెంచే మందులు ఎక్కువ మోతాదులో నడుస్తున్నప్పుడు వేళ్ళకు రక్తం తగ్గుతుంది. అలా కనపడితే మాకు చూపించండి.

మీటర్‌లో 190 అంది, ల్యాబ్‌లో 150 వచ్చింది. ఏది నమ్మాలి?

ఐసీయూ రోగికి ల్యాబ్ రీడింగ్, లేదా ధమని రక్తంతో బ్లడ్ గ్యాస్ మెషీన్ ఇచ్చే రీడింగ్ ఎక్కువ నమ్మదగినవి. గ్లూకోమీటర్ ఇంట్లో వాడకానికి తయారైంది. మామూలు రోజుల్లోనే దానికి 15 శాతం వరకు అటూ ఇటూ తేడాను ఒప్పుకుంటారు. రక్తహీనత ఉంటే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువ మోతాదు విటమిన్ సి ఎక్కిస్తుంటే కొన్ని మీటర్లు తప్పుగా ఎక్కువ చూపిస్తాయి. బీపీ బాగా తక్కువైతే వేలి కొసలో రక్తమే సరిగా ఆడదు. ఇలా తప్పుగా ఎక్కువ చూపించడమే అసలు ప్రమాదం, ఎందుకంటే అది నమ్మి ఇన్సులిన్ పెంచితే ఉన్న షుగర్ కూడా పడిపోతుంది.

ల్యాబ్‌కు కూడా ఒక షరతు ఉంది. బూడిద రంగు మూత ట్యూబులో కాకుండా మామూలు ట్యూబులో తీసిన రక్తం గంటల తరబడి బల్ల మీద ఉండిపోతే, అందులోని కణాలే గ్లూకోజును తినేసి అంకె తగ్గుతుంది.

నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో ఒక రాత్రి ఒక రోగికి 480 వచ్చింది. అందరం పరుగులు పెట్టాం. సీనియర్ సిస్టర్ వచ్చి, గ్లూకోజ్ ఎక్కుతున్న చేతి నుంచే రక్తం తీశారని గమనించి రెండో చేతి నుంచి తీయించారు. 154. ఆ 480 నమ్మి ఇన్సులిన్ ఇచ్చి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ తలుచుకుంటాను. అప్పటి నుంచి ఇమడని అంకె కనపడితే ఇంకోసారి చూడకుండా మందు ముట్టుకోను.

స్టెరాయిడ్ వల్ల షుగర్ పెరిగిందంటున్నారు. అది ఆపేస్తే సరిపోదా?

2021ని చూసిన మనకు ఈ భయం సహజమే. కోవిడ్ రెండో వేవ్‌లో స్టెరాయిడ్లు, అదుపు తప్పిన షుగర్ కలిసి ఎంతోమందికి బ్లాక్ ఫంగస్ తెచ్చాయి. ఆ మే నెలలో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని తెలంగాణలో దానికి నోడల్ కేంద్రం, అంటే ప్రధాన చికిత్సా కేంద్రం, చేయాల్సి వచ్చింది. కానీ అదే స్టెరాయిడ్, ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులకు రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ రూపంలో ప్రాణాలు కాపాడింది కూడా. తప్పు మందుది కాదు. అవసరం లేనివాళ్ళకు ఇవ్వడం, ఎక్కువ మోతాదులో ఎక్కువ రోజులు ఇవ్వడం, ఇస్తూ షుగర్ చూడకపోవడం, ఇవీ తప్పులు. ఇన్‌ఫెక్షన్ వల్ల బీపీ పడిపోయి, బీపీ పెంచే మందులకు లొంగనప్పుడు (దీన్ని సెప్టిక్ షాక్ అంటారు) హైడ్రోకార్టిజోన్ అనే స్టెరాయిడ్ అవసరం పడుతుంది. షుగర్ కోసం దాన్ని ఆపరు. ఇన్సులిన్ పెంచి షుగర్‌ను నిలుపుతారు, స్టెరాయిడ్ తగ్గించేటప్పుడు ఇన్సులిన్‌నూ తగ్గిస్తారు.

షుగర్ బాగానే ఉంది, అయినా ఇన్సులిన్ ఇచ్చారు. పొరపాటా?

పొటాషియం ఎంత ఉందో అడగండి. పొటాషియం ప్రమాదకరంగా పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఇన్సులిన్ పొటాషియాన్ని రక్తం నుంచి కణాల్లోకి నెడుతుంది. అందుకని ఇన్సులిన్‌తో పాటు, షుగర్ పడిపోకుండా గ్లూకోజు కూడా కలిపి ఇస్తారు. కిడ్నీ రోగుల్లో తరచుగా జరుగుతుంది. ఇచ్చాక నాలుగైదు గంటలపాటు షుగర్ చూస్తూ ఉండాలి, ఎందుకంటే గ్లూకోజు ముందు అయిపోయి ఇన్సులిన్ ఇంకా మిగిలి ఉండొచ్చు.

కీటోన్లు వచ్చాయన్నారు. షుగర్ 200కు దిగినా ఇన్సులిన్ ఆపలేదు, పైగా గ్లూకోజ్ ఎక్కిస్తున్నారు. ఇదేం వైద్యం?

వినడానికి విడ్డూరంగా ఉన్నా సరైన వైద్యమే. ఇన్సులిన్ లేక ఒళ్ళు కొవ్వును కరిగించుకున్నప్పుడు కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లంగా మారుతుంది. దీన్ని డీకేఏ అంటారు. ఇక్కడ అసలు శత్రువు ఆ ఆమ్లం. షుగర్ ముందు తగ్గుతుంది, కీటోన్లు పోవడానికి ఇంకా టైమ్ పడుతుంది. అవి పోయేదాకా ఇన్సులిన్ కావాలి, ఈలోగా షుగర్ పడిపోకూడదు, అందుకే గ్లూకోజు. వీళ్ళకు పొటాషియం కూడా మాటిమాటికీ చూస్తారు. అది బాగా తక్కువగా ఉంటే ముందు పొటాషియం ఎక్కించి, తర్వాతే ఇన్సులిన్ మొదలుపెడతారు.

డయాలసిస్ మొదలయ్యాక ఇన్సులిన్ సగానికి తగ్గించారు. షుగర్ జబ్బు తగ్గిపోతోందా?

లేదు, మన్నించండి. ఇన్సులిన్‌ను ఒంట్లో నుంచి తీసేసే పనిలో కిడ్నీలకు పెద్ద భాగం ఉంది. అవి మందగిస్తే వేసిన ఇన్సులిన్ ఎక్కువసేపు నిలుస్తుంది. పాత మోతాదే ఇస్తే షుగర్ పడిపోతుంది.

లండన్‌లో ఉన్న మా అబ్బాయి "9 ఉంటే బాగున్నట్టే" అంటున్నాడు. ఇక్కడ మీరు 160 అంటారు. ఎవరిది నిజం?

ఇద్దరిదీ. బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడాల్లో మిల్లీమోల్స్‌లో కొలుస్తారు. వాళ్ళ అంకెను 18తో గుణిస్తే మన అంకె వస్తుంది. 9 అంటే 162, 10 అంటే 180. అమెరికాలో ఉన్నవాళ్ళది మన లెక్కే.

## షుగర్ పడిపోతే

లో షుగర్‌కు మీరు అంతలా ఎందుకు భయపడతారు?

మెదడుకు ప్రధాన ఇంధనం గ్లూకోజు. దాన్ని మెదడు దాచుకోలేదు, క్షణక్షణం రక్తం నుంచి తీసుకోవాల్సిందే. 70 కంటే తగ్గితే మేం అప్రమత్తమవుతాం, 54 కంటే తగ్గితే తీవ్రంగా తీసుకుంటాం. 40కి దిగితే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. ఎక్కువ షుగర్ గంటల్లో, రోజుల్లో చేసే హానిని తక్కువ షుగర్ నిమిషాల్లో చేయగలదు.

మత్తులో ఉన్న మనిషికి షుగర్ పడిపోతే మీకెలా తెలుస్తుంది?

ఇంట్లో అయితే చెమట, వణుకు, ఆకలి, చిరాకు కనపడతాయి. వెంటిలేటర్ మీద మత్తులో ఉన్న మనిషి ఏదీ చెప్పలేరు. గుండెకు వాడే బీటా బ్లాకర్ మందులు దడను కూడా కప్పేస్తాయి. కారణం లేకుండా చెమట పట్టినా, గుండె వేగం మారినా, ఫిట్స్ వచ్చినా ముందు షుగర్ చూస్తాం. అయినా లక్షణం కోసం ఎదురుచూడటం ఐసీయూలో చాలదు. గడియారం చూసి రక్తం చూడాల్సిందే.

రాత్రి 48కి పడిపోయిందట. మెదడు దెబ్బతిందా?

వెంటనే గుర్తించి సరిచేస్తే సాధారణంగా శాశ్వత నష్టం ఉండదు. ఎంత పడింది అనేదాంతో పాటు ఎంతసేపు అలా ఉంది అనేది ముఖ్యం. అలా పడినప్పుడు ఇన్సులిన్ ఆపి, 25 శాతం గ్లూకోజు నరంలోకి ఇచ్చి, పదిహేను నిమిషాల్లో మళ్ళీ చూస్తాం.

తర్వాత మీరు అడగాల్సిన ప్రశ్న "ఎందుకు పడింది?" జవాబు చాలాసార్లు వీటిలో ఒకటి: స్కాన్‌కు తీసుకెళ్ళడానికి ముక్కు పైపు ఆహారం ఆపి ఇన్సులిన్ తగ్గించలేదు, లేదా కిడ్నీ పనితీరు తగ్గింది, లేదా స్టెరాయిడ్ తగ్గించారు, లేదా కాలేయం బాగా దెబ్బతింది. మర్యాదగా అడగండి, గట్టిగానే అడగండి. కారణం దొరకకపోతే అది రేపు రాత్రి మళ్ళీ రావచ్చు.

## తిండి, సెలైన్

షుగర్ పేషెంటుకు గ్లూకోజ్ సెలైన్ పెట్టారు. ఎలా పెడతారు?

5 శాతం గ్లూకోజు సీసా, 500 మిల్లీలీటర్లది, మొత్తం ఎక్కితే ఒంట్లోకి వెళ్ళేది 25 గ్రాములు. ఇన్సులిన్ నడుస్తున్నప్పుడు, నోటి నుంచి ఏమీ వెళ్ళనప్పుడు అంత అవసరం పడొచ్చు. కొన్ని మందులను గ్లూకోజులోనే కలపాలి, సెలైన్‌లో కలిపితే చెడిపోతాయి. అవసరం లేకుండా పెట్టారని అనిపిస్తే అడగండి, కారణం చెప్పాల్సిన బాధ్యత మాది.

ముక్కు పైపులో ఇంటి నుంచి రాగిజావ, కొబ్బరినీళ్ళు తెచ్చి పొయ్యమంటే ఎందుకు ఒప్పుకోరు?

మీ ప్రేమ తెలుసు. అయిదు గంటలకు లేచి, జావ కాచి, బస్సులో పట్టుకొచ్చిన అమ్మను వద్దని పంపడం మాకూ కష్టమే. ఐసీయూలో ఆహారాన్ని గంటకు ఇన్ని మిల్లీలీటర్లని లెక్కగట్టి ఇస్తారు, దానికి జోడుగా ఇన్సులిన్ నడుస్తుంది. మధ్యలో ఒక గ్లాసు జావ పోస్తే ఆ లెక్క చెదిరిపోతుంది. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకు ప్రమాదం. వార్డుకు వచ్చాక డైటీషియన్‌ను అడిగితే ఇంటి వంటలో ఏది పెట్టొచ్చో చెప్తారు. ఒక్క మాట మాత్రం: మాకు చెప్పకుండా ఎవరూ చూడనప్పుడు పెట్టకండి.

## వార్డుకు మారాక

పంపు తీసేసి సూదులు మొదలుపెట్టగానే మళ్ళీ 300. ఎందుకు?

నరంలో ఇన్సులిన్ ప్రభావం కొద్ది నిమిషాలే. పంపు ముందు ఆపి, చర్మం కింద ఎక్కువసేపు పనిచేసే ఇన్సులిన్ తర్వాత వేస్తే మధ్యలో ఒంట్లో ఇన్సులిన్ ఉండదు. అందుకే పంపు ఆపడానికి గంటా రెండు గంటల ముందే ఆ సూది వెయ్యాలి. టైప్ 1 వాళ్ళ విషయంలో, అంటే ఒంట్లో సొంతంగా ఇన్సులిన్ దాదాపు తయారుకాని షుగర్ రోగుల విషయంలో, ఇది ఇంకా ముఖ్యం. వాళ్ళకు షుగర్ బాగుందని ఇన్సులిన్‌ను పూర్తిగా ఆపితే కీటోన్లు వస్తాయి.

వార్డులో షుగర్ ఎంత ఉంటే అంత సూది వేస్తున్నారు. అది చాలదా?

చాలదు. పెరిగాక వెంటపడటం అది. రోజంతా నిలిచే ఇన్సులిన్ ఒకటి, భోజనానికి తగ్గ ఇన్సులిన్ ఒకటి, మిగిలిన పెరుగుదలకు కొద్దిగా, ఇలా ఇస్తే ఊగిసలాట తగ్గుతుంది. చార్టు ప్రకారం సూది మాత్రమే నడుస్తుంటే, రౌండ్స్‌లో డాక్టర్ని దీని గురించి అడగండి. భోజనం సూది వేశాక ప్లేటు ఆలస్యమైనా, పేషెంటు రెండు ముద్దలు తిని చాలన్నా వెంటనే సిస్టర్‌కు చెప్పండి. ఈ ఒక్క పనిలో మీరు మాకంటే బాగా కాపలా కాయగలరు.

## ఇంటికి వెళ్ళేటప్పుడు

ఒకసారి ఇన్సులిన్ మొదలుపెడితే ఇక జీవితాంతమేనా?

కాదు. ఇన్సులిన్ అలవాటు చేసే మందు కాదు. జబ్బు ఒత్తిడి వల్ల పెరిగినవాళ్ళలో చాలామందికి డిశ్చార్జి నాటికే అవసరం ఉండదు. పాత షుగర్ పేషెంట్లు చాలామంది తిరిగి మాత్రలకు వెళ్తారు. హెచ్‌బీఏ1సీ బాగా ఎక్కువగా ఉన్నవాళ్ళకు, టైప్ 1 వాళ్ళకు ఇన్సులిన్ కొనసాగుతుంది. స్టెరాయిడ్ మాత్రలు తగ్గిస్తూ వాడమని ఇంటికి పంపితే, ఇన్సులిన్ ఎప్పుడు ఎంత తగ్గించాలో కాగితం మీద రాయించుకోండి. స్టెరాయిడ్ అయిపోయాక కూడా పాత మోతాదే వేసుకుని, షుగర్ పడిపోయి తిరిగొచ్చినవాళ్ళున్నారు.

ఐసీయూలోనే పెరిగింది, ఇప్పుడు నార్మల్. ఇక మర్చిపోవచ్చా?

మర్చిపోకండి. ఇలా ఒకసారి పెరిగినవాళ్ళకు తర్వాత షుగర్ జబ్బు వచ్చే అవకాశం మామూలువాళ్ళకంటే ఎక్కువ. మూడు నెలలకు పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ చేయించండి, తర్వాత ఏడాదికోసారి.

ఇంట్లో షుగర్ పడిపోతే ఏం చెయ్యాలి?

మెలకువగా ఉండి మింగగలిగితే మూడు టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడండి, 70 దాటకపోతే ఇంకోసారి ఇవ్వండి, దాటాక ఏదైనా తినిపించండి. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోన్ చెయ్యండి.

షాపులో 40 సిరంజి, 100 సిరంజి అని రెండున్నాయి. ఏది కొనాలి?

మీ ఇన్సులిన్ సీసా మీద ఏ అంకె ఉంటే అదే. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా దొరికేది మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్లదానికి నారింజ మూత సిరంజి. పెన్నుల్లో వచ్చేది మామూలుగా 100. 100 ఇన్సులిన్‌ను 40 సిరంజితో లాగితే, గీత చూసి 20 అనుకున్నచోట 50 యూనిట్లు ఒంట్లోకి వెళ్తాయి. పెన్నులోని మందును సిరంజితో ఎప్పుడూ తియ్యకండి. డిశ్చార్జి రోజున సీసా, సిరంజి రెండూ సిస్టర్ చేతికిచ్చి, ఆమె ముందే ఒకసారి మీ చేత్తో లాగి చూపించి, సరిగా వచ్చిందని ఆమె చెప్పాకే బయల్దేరండి.